తుక్కు కరిగేదాకా

ఇప్పుడు మా వీధిలో బల్బులు నిలకడగా వెలుగుతున్నాయి. ఇనుము కరిగించే ఫ్యాక్టరీ వెనకాల, ప్రహరీకి ఆనుకుని, కంచె వేసిన స్థలంలో పెద్ద పెద్ద తీగచుట్టలూ కెపాసిటర్లూ వచ్చి కూర్చున్నాయి. కొలిమి కరెంటును లాగి వదిలినప్పుడల్లా ఆ కుదుపు మా ఇళ్ళ దాకా రాకుండా అవి సర్దుతాయి. టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు నాకు బుద్ధి చెబుతుంటారు. "ఇంకెందుకన్నా ఆ ఫ్యాక్టరీ ఆయన మీద కోపం? మిషను పెట్టించినాడు గదా" అంటారు. పెట్టించాడు, కాదనను. కానీ అతని చేత దాన్ని ఎవరు పెట్టించారో, ఎట్లా పెట్టించారో నాకు తెలుసు. బల్బులు కుదుటపడ్డాయి గానీ నా కోపం కుదుటపడలేదు, పడనివ్వను కూడా.

కావలి నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో ఉంటుంది మా ఊరు. నాది లైటింగూ సౌండూ అద్దెకిచ్చే దుకాణం. పెళ్ళి గానీ, దర్గాలో ఉరుసు గానీ, చర్చి వాళ్ళ మీటింగు గానీ, వినాయకుడి పందిరి గానీ, సీరియల్ లైట్ల సెట్లు కట్టేది నేనే. నాకు ముందు మా నాన్న ఊరేగింపులకు గ్యాసు లైట్లు అద్దెకిచ్చేవాడు. వెలుతురు అమ్ముకుని అన్నం తిన్న ఇల్లు మాది.

ఆ ఇంటి ముందు గదిలో మా అక్క మగ్గం ఉంటుంది. బట్టలు నేసే మగ్గం కాదు. చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డను డోలు మీద తోలులా బిగించి, కొక్కెం ఉన్న సన్నటి సూదితో పైనుంచి పొడుస్తూ కింది చేత్తో జరీ దారం అందిస్తూ కుడతారు. పూసలూ, చమ్కీలూ, కుందన్ రాళ్ళూ అన్నీ అట్లా ఎక్కవలసినవే. మా బావ పోయాక అక్క మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ తెచ్చుకున్నది ఆ మగ్గం ఒక్కటే. కొద్దికాలంలోనే కొడవలూరు నుంచి కూడా పెళ్ళికూతుళ్ళ జాకెట్లు ఆమె దగ్గరికి వచ్చేవి.

ఆమెకొక పద్ధతి ఉంది. జరీ రంగు ఎంచుకోవడానికి ఎవరినీ పగలు రానివ్వదు. "పెళ్ళి దీపాల కిందనే గదమ్మా జరిగేది, ఎండలో కాదు గదా. దీపాలు పెట్టినాక రండి" అంటుంది. సందె వేళకు పెళ్ళివారి ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. అక్క పసుపుపచ్చ వెలుగిచ్చే పాత రకం బల్బు వేసి, గుడ్డ మీద ఒక్కొక్క జరీ కండె విప్పి చూపించేది. మేలిమి బంగారు రంగు, పాత బంగారు రంగు, ముదురు పసుపు, రాగి. పగలు చూస్తే ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. దీపం కింద ఏది దానిదే. ఆ ఎంపిక కుదిరితేనే ఆమె సూది పట్టేది. మా అక్క పనితనమంతా ఆ కాసేపటి వెలుతురు మీద ఆధారపడి ఉండేది.

అప్పుడు ఆ ఫ్యాక్టరీ వచ్చింది.

ఆ కొలిమి సంగతి కాస్త చెప్పాలి. బొగ్గు పోసి ఊదే కొలిమి కాదది, కరెంటు కొలిమి. ఆర్క్ ఫర్నేస్ అంటారు. పెద్ద ఇనుప గుండిగ లాంటి దాంట్లో తుక్కు పోస్తారు. పాత మోటార్ల డొక్కులు, విరిగిన పడవ ఇంజన్లు, కడ్డీ ముక్కలు, ఏవైనా సరే. పైనుంచి మూడు లావుపాటి కార్బన్ కడ్డీలు దిగుతాయి. కడ్డీకీ తుక్కుకీ మధ్య కరెంటు మెరుపులా దూకుతుంది. ఆ వేడికి ఇనుము నీళ్ళవుతుంది. నీళ్ళయ్యాక ఆ మెరుపు కాస్త కుదురుగానే ఉంటుంది. కరగకముందే ఉంటుంది గొడవంతా. కింది ముక్క కరిగితే పైముక్క కూలి కడ్డీకి తగులుతుంది. కొలిమి ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగేస్తుంది. ఇంతలో ఇంకో ముక్క జారుతుంది, మెరుపు తెగుతుంది, మళ్ళీ అందుకుంటుంది. రెప్ప వేసి తెరిచేలోపు ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కపెట్టలేం. అది లాగినప్పుడల్లా మా ఇళ్ళలో ఓల్టేజి పడేది, వదిలినప్పుడల్లా లేచేది.

కరెంటు పోతే ఒక తిట్టు తిట్టి కొవ్వొత్తి వెలిగించుకుంటాం. ఇది పోయేది కాదు, ఉండి ఏడిపించేది. బల్బు ఆరదు, వణుకుతుంది. ఫ్యాను ఆగదు, ఆయాసపడుతుంది. గోడ మీద మన నీడ మనం కదలకపోయినా కదులుతుంది. ఎల్‌ఈడీ బల్బులు మార్చి చూశాం. చవకవి ఇంకా అన్యాయంగా కొట్టుకున్నాయి. స్టెబిలైజర్ పెట్టి చూశాం. ఆ కుదుపు వేగాన్ని అందుకోలేక టకటకమని కొట్టుకుని చివరకు కాలిపోయింది. ఇన్వర్టర్ పెట్టాను. కరెంటు వచ్చిందో పోయిందో దానికే తేలక ఒక ఎండాకాలంలో బ్యాటరీ చచ్చింది. మగ్గం దగ్గర ఒక చార్జింగ్ లైటు పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. పెట్టాం. ఒక్క మూల నుంచి వచ్చే వెలుతురుకి సూది నీడ కుట్టు మీదే పడుతుంది, మగ్గానికి అన్ని వైపుల నుంచీ వెలుతురు కావాలి. ఇంతకీ మేమెందుకు పెట్టుకోవాలి? లాభం వాళ్ళకు, చీకటి మాకు, ఆ చీకటి తీర్చుకునే తిప్పలు కూడా మాకేనా?

ఊరు మెల్లగా ఆ కొలిమికి అలవాటు పడిపోయింది. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది దానికే. బల్బు వణకడం మొదలెడితే "తుక్కేసినారు" అనేవాళ్ళు. కుదురుకుంటే "కరిగింది" అనేవాళ్ళు. బియ్యంలో రాళ్ళు ఏరే ఆడవాళ్ళు చేట పక్కన పెట్టి కూర్చునేవాళ్ళు. పిల్లలు పుస్తకాలు మూసేవాళ్ళు. మంగలి షాపులో గడ్డానికి నురగ పూసి, కత్తి పక్కన పెట్టి "కరగనీ అన్నా, తెగుతాది" అనేవాడు. నురగ ఆరిపోయిన మొహాలతో మగాళ్ళు అద్దంలోకి చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఎవడో కొలిమి వెలిగించుకుంటే ఊరు ఊరంతా చేతులు కట్టుకుని కూర్చోవడమేమిటని నేను అరిచేవాణ్ణి. "నువ్వు అరిస్తే కరుగుతాదా" అని నవ్వేవాళ్ళు.

మా అక్క కూడా అట్లాగే చేసింది. కరిగినప్పుడు కుట్టేది. తుక్కేసినప్పుడు కళ్ళకు తడిగుడ్డ వేసుకుని పడుకునేది. మాకు వణికేది బల్బు ఒక్కటే. ఆమె ముందున్న గుడ్డ నిండా జరీ, అద్దాలు, రాళ్ళు. వణికే వెలుగు వాటి మీద పడి నూరు ముక్కలై ఆమె కళ్ళలోకి వచ్చేది. మొదట కణతల దగ్గర నొప్పి అంది. తర్వాత వాంతులు. వంటింట్లో తలకు గుడ్డ బిగించి కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే "ఏం లేదు, తుక్కు కరగాల" అనేది.

కరెంటు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఇంజనీరు, ఏఈ మేడమ్, మంచి మనిషి. కూర్చోబెట్టి చెప్పింది. "ఫ్యాక్టరీకి వాళ్ళ లైన్ వాళ్ళదే అన్నా. మీ లైన్ మీదే. కానీ సబ్‌స్టేషన్ ఒకటే. మిద్దె మీద ఒకే ట్యాంకు ఉందనుకో. కింద పెద్ద పైపు తెరిచి మూసి, తెరిచి మూసి చేస్తా ఉంటే నీ చిన్న కొళాయిలో ధార నిలబడుతుందా?" అంది. దానికి విరుగుడు ఉందట. కొలిమి పక్కనే పెట్టుకోవలసిన యంత్రం అది. మొదట్లో పెడతామని ఫ్యాక్టరీ వాళ్ళు రాసిచ్చి, పెట్టలేదట. పైవాళ్ళకు ఎన్నిసార్లు రాసినా, ఫ్యాక్టరీ వాళ్ళు మావల్ల ఏమీ లేదంటారట. కొలిచే పరికరం పంపమంటే పైనుంచి పంపరట. ఆమె చెబుతుంటేనే ఆమె నెత్తిన ఉన్న ట్యూబులైటు కొట్టుకుంది. ఇద్దరం పైకి చూసి ఊరుకున్నాం.

చివరకు అక్కను స్కూటరు మీద ఎక్కించుకుని ఫ్యాక్టరీకే వెళ్ళాను. ఆమెకు రావడం ఇష్టం లేదు. వస్తూ వస్తూ సగం కుట్టిన ఒక జాకెట్టు చేతిని గుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఆ వణుకులో కుట్టినది ఎట్లా పక్కకు పోయిందో చూపిద్దామని. గేటు దగ్గర చాలాసేపు నిలబెట్టి లోపలికి పంపారు. యజమాని నెల్లూరులో ఉంటాడు, రోజూ వచ్చి పోతాడు. అతని గదిలో చల్లగా ఉంది. లైట్లు రెప్పవాల్చకుండా వెలుగుతున్నాయి. అతని వెలుతురు బ్యాటరీ గదిలోంచి వచ్చేది. కొలిమి పక్కనే కూర్చున్న మనిషికి కొలిమి వణుకు తగలదు. అది అర్థం కాగానే నాకు పళ్ళు కొరుక్కోవాలనిపించింది.

పలుచటి కప్పుల్లో టీ తెప్పించాడు. అంతా విన్నాడు. అతను కసిరి ఉంటే, గెంటించి ఉంటే ఇంత కసి ఉండేది కాదేమో. నవ్వుతూ, పసిపిల్లకు చెప్పినంత మెత్తగా చెప్పాడు.

"చూడమ్మా, మా లైన్ వేరు, మీ లైన్ వేరు. మీ ఇంటి వైరింగ్ పాతదై ఉంటుంది, మార్పించుకోండి. తలనొప్పి అంటున్నారు కదా, మీరు ఒకసారి కళ్ళ డాక్టర్‌కు చూపించుకోండి."

మా అక్క గుడ్డ విప్పబోయింది. అతను అప్పటికే ఫోను ఎత్తాడు. ఆ గుడ్డను అలాగే మళ్ళీ చుట్టేసుకుంది. టీ తాగలేదు.

తర్వాత నిజంగానే కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళింది! నేను వద్దన్నా వినలేదు. నెల్లూరులో కంట్లో మందు వేయించుకుని, చూపు మసకబారి నా భుజం పట్టుకుని నడిచింది. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు డాక్టర్. ఆ మాట వింటే ఎవరైనా సంతోషపడతారు. మా అక్క ఆ రోజు బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కళ్ళు బాగుంటే మరి తప్పెక్కడుంది? చుట్టాలు ఒకరిద్దరు చెప్పనే చెప్పారు, ఒంటరిగా ఉండే ఆడదానికి అట్లాగే అనిపిస్తాది, మనసు బాగలేదేమోనని. ఆమె కూడా సగం నమ్మింది. ఆ మెత్తటి గొంతు అంత పని చేసింది.

అంతటితో పోయినా బాగుండేది. ఒక పెళ్ళికూతురి జాకెట్టు కుట్టింది. చేతుల నిండా జరీ తీగ. ఒక చేయి కుట్టేటప్పుడు బల్బు కుదురుగా ఉంది. రెండో చేయి నాటికి పెళ్ళి దగ్గరపడింది, తుక్కు కరిగేదాకా ఆగే వ్యవధి లేదు. వణికే వెలుగులో కండె మారింది. ఒక చేతికి మేలిమి బంగారం, ఇంకో చేతికి ముదురు పసుపు. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆ పెళ్ళికి లైట్లు కట్టింది నేనే. నా జనరేటర్ మీద లైట్లు నిలకడగా వెలిగాయి. పెళ్ళికూతురు తలంబ్రాలకు రెండు చేతులూ ఎత్తింది. మండపం ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా చూశారు. నేను కట్టిన వెలుతురే మా అక్క తప్పును ఎత్తి చూపించింది. పెళ్ళికూతురి తల్లి జాలిగా చూసింది, అంతే.

మర్నాడు అక్క మగ్గం విప్పి అటక మీద పెట్టించింది. కండెలన్నీ పెట్టెలో సర్దింది. చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చుంది. పగలు కుట్టేది, దీపాలు పెట్టగానే గుమ్మం బయటికి వెళ్ళి చీకట్లో కూర్చునేది. లోపల వెలుతురు ఉన్న మా ఇంట్లో మా అక్క చీకటి వెతుక్కుని కూర్చునేది! అది చూసిన ప్రతిసారీ ఆ మనిషిని మనసులో ఒక్కో రకంగా చంపేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో ఆ ఫ్యాక్టరీ మేనేజరు నా దుకాణానికి వచ్చాడు. వాళ్ళ సారు సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో ఒక ఇల్లు కట్టించాడట. పొద్దున గృహప్రవేశం, సాయంత్రం విందు. ఇల్లంతా, తోటంతా లైట్లు కావాలట. సారు భార్య మేడమ్ గారికి రంగురంగుల ఎల్‌ఈడీలు గిట్టవట, పాతకాలపు పసుపుపచ్చ బల్బులే తెరలు తెరలుగా వేలాడాలట. అట్లాంటి సెట్లు ఈ చుట్టుపక్కల నా ఒక్కడి దగ్గరే ఉన్నాయట. అతను చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. వణుకు అన్నిటికన్నా బాగా కనపడేది ఆ పచ్చ బల్బుల్లోనే. ఆ తోటకు కరెంటు వచ్చేది కూడా మా సబ్‌స్టేషన్ నుంచే.

"తప్పకుండా సార్" అన్నాను. అంత మర్యాదగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

జనరేటర్ లేకుండా ఏ పెళ్ళీ చేయను నేను. ఈ విందుకు మాత్రం జనరేటర్ ఉండకూడదు. నా అంతట నేను తేకుంటే తప్పు నాదవుతుంది. ఆ యజమాని నోటితోనే వద్దనిపించాలి. విందుకు ముందురోజు లైట్లు కడుతుంటే అతను చూడటానికి వచ్చాడు. పక్కన ఊరి పెద్దలున్నారు, విందుకు చెప్పడానికి పిలిపించిన కరెంటు ఆఫీసు వాళ్ళున్నారు, వాళ్ళలో ఏఈ మేడమ్ కూడా ఉంది. నేను నిచ్చెన దిగి వెళ్ళి నమస్కారం పెట్టాను. నన్ను గుర్తుపట్టలేదు.

"సార్, జనరేటర్ తెమ్మంటారా? మన ఊళ్ళో లైను అంత బాగుండదని అంటా ఉంటారు" అన్నాను, అందరికీ వినపడేలా.

అతను ఏఈ మేడమ్ వైపు ఒకసారి చూశాడు. "లైన్‌కి ఏమైంది? బ్రహ్మాండంగా ఉంది. జనరేటర్ పెడితే ఆ రొదలో సముద్రం వినపడదు. వద్దు" అన్నాడు. "సరే సార్" అని మళ్ళీ నిచ్చెన ఎక్కాను. పైన సరుగుడు కొమ్మల్లో ఎవరికీ కనపడకుండా కడుపారా నవ్వుకున్నాను.

మర్నాడు సందెవేళ మెయిను వేశాను. ఎంత బాగుందో చెప్పలేను. ఇంటి కప్పు నుంచి నేల దాకా పచ్చటి వెలుగు తెర, తోట పొడుగునా పందిరి. కార్లు దిగినవాళ్ళంతా తలలెత్తి చూశారు. ఫ్యాక్టరీ మేడమ్ మురిసిపోయింది. ఆ కాసేపు కొలిమిలో ఇనుము కరిగి ఉన్నట్టుంది, ఒక్క బల్బు కూడా కదల్లేదు. నేను స్విచ్‌బోర్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాకు తొందరేముంది? ఊళ్ళో అందరికీ ఓపిక నేర్పింది ఆ కొలిమే కదా.

అందరూ పళ్ళేలు పట్టుకునే వేళకు తుక్కేశారు.

తోటంతా ఒక్కసారిగా వణికింది. ఒక్క బల్బు వణికితే ముందు గదిలో ఆడమనిషికి తలనొప్పి. వేల బల్బులు వణికితే ఎట్లా ఉంటుందో ఆ రోజు పెద్దవాళ్ళకు తెలిసింది. పిల్లలు ముందు ఏదో తమాషా అనుకుని చప్పట్లు కొట్టారు. కాసేపటికి వాళ్ళే ఏడుపు మొదలెట్టారు. వీడియో అతను కెమెరా దించేసి "అన్నా, ఏందిది, ఏమీ పనికిరాదు" అని అరిచాడు. ఒక పెద్దావిడ పళ్ళెం బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకుని కూర్చుంది. పట్టుచీరల మీది జరీ అంతా భగ్గు భగ్గుమంటోంది. ఎవరి మొహమూ ఎవరికీ సరిగా కనపడటం లేదు. నేను కాలు మీద కాలు వేసుకున్నాను.

అతను నా దగ్గరికి వచ్చాడు. ఆ మెత్తటి గొంతు ఎక్కడికో పోయింది.

"ఏంటయ్యా ఇది? ఏం లైట్లు కట్టావు?"

"లైట్లు బాగానే ఉండాయి సార్."

"జనరేటర్ వెయ్యి ముందు."

"తేలేదు సార్. లైను బాగుంది, వద్దని మీరే అన్నారు గదా. అందరూ విన్నారు."

అప్పుడు నా మొహం వైపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు. జేబులోంచి ఫోను తీశాడు. నాకు వీపు పెట్టి నిలబడ్డాడు గానీ, అటువైపు ఏఈ మేడమ్ ఉందని చూసుకోలేదు. "ఫర్నేస్ ఆపండి. ఆ, ఇప్పుడే. గెస్టులు వెళ్ళేదాకా వెయ్యొద్దు" అన్నాడు. మేడమ్ విన్నది. పక్కన మంచినీళ్ళు అందిస్తున్న మా ఊరి వాళ్ళూ విన్నారు.

అతను ఫోను జేబులో పెట్టుకునేలోపే బల్బులు నిలబడ్డాయి. తోటంతా గోడకు కొట్టిన పటంలా నిలబడింది. జనం హమ్మయ్య అన్నారు. మళ్ళీ పళ్ళేలు ఎత్తుకున్నారు.

"వైరింగ్ దానంతటదే బాగైపోయినట్టుంది సార్" అన్నాను.

అతని మొహం మాడిపోయింది. గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. ఏఈ మేడమ్ నా దగ్గరికి వచ్చి మెల్లగా "నా కళ్ళతో చూసినా, నా చెవులతో విన్నా. ఇంక పైకి రాస్తా, ఎవరాపుతారో చూస్తా" అంది. ఎన్నాళ్ళుగానో కాచుకున్న పండు ఒళ్ళో పడినట్టుంది నాకు. అక్కకు ఫోను చేసి చెప్పాలని తీశాను. అంతలో ఆమే చేసింది.

"రేయ్, యాడుండావు?" అంది. గొంతు ఏదోలా ఉంది. "లైటు నిలబడిందిరా. తుక్కేసిన కాసేపటికే నిలబడింది. ఎప్పుడూ ఇట్టా లేదు. ఏమైంది?"

జరిగింది గబగబా చెప్పాను. బల్బులు ఎట్లా కొట్టుకున్నాయో, పిల్లలు ఎట్లా ఏడ్చారో, అతని మొహం ఎట్లా అయిందో. నవ్వుతుందని చూశాను. నవ్వలేదు.

"ఒక్క ఫోనుకు ఆగిందా?" అంది.

"ఆ."

"అంటే ఆపడం వాళ్ళ చేతిలోనే ఉండాది. ఇన్నాళ్ళూ నేను నా కళ్ళే పోయినాయని..." అని ఆపేసింది. ఆపాక కూడా ఫోను పెట్టలేదు. ఆమె ఊపిరి వినపడుతూనే ఉంది. నా పగ ఆమె కోపం ముందు ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. నేను విందు చెడగొట్టి తృప్తిపడ్డాను. ఆమెకు జరిగినదానికి అది ఏ మూలకూ చాలదు.

మర్నాటి నుంచి కొలిమి మామూలే, బల్బులూ మామూలే. ఏఈ మేడమ్ రాసిన కాగితం పైకి వెళ్ళింది. పైన ఎక్కడో ఆగింది. నేను రోజూ తిరిగాను. అలా ఉండగా ఒక పగటిపూట మా గుమ్మం ముందు కారు ఆగింది. దిగింది ఫ్యాక్టరీ మేడమ్. ఆమెకు మేము ఎవరో తెలియదు. ఎవరిదో పెళ్ళిలో మా అక్క చేసిన పని చూసిందట, తనకూ ఒక జాకెట్టు కావాలట. నేను నోరు తెరవబోయాను. అక్క నా వైపు ఒక్క చూపు చూసింది. ఊరుకున్నాను.

"కుడతానమ్మా" అంది. "జరీ రంగు మాత్రం పగలు తెలియదు. దీపాలు పెట్టినాక రండి."

కారు వెళ్ళాక అటక మీది నుంచి మగ్గం దించమంది. తుడిచింది. గుడ్డ బిగించింది. పెట్టెలోని కండెలన్నీ తీసి వరస పెట్టింది. మధ్య దూలానికి పాత పచ్చ బల్బు తగిలించమంది. "ఇన్నాళ్ళకు మళ్ళీ కుడతావా?" అంటే గోడ మీది గడియారం వైపు చూసింది. కొలిమిలో తుక్కు ఎప్పుడేస్తారో ఊరందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

మేడమ్ సందెకు వచ్చింది. అక్క ఆమెను బల్బు కిందే కూర్చోబెట్టింది. నన్ను టీ పెట్టమంది. పలుచటి కప్పుల్లో తెమ్మని మరీ చెప్పింది. నేను తెచ్చేసరికి తుక్కేశారు. మగ్గం మీద పరిచిన జరీ అంతా భగ్గుమంటోంది. అక్క ఒక్కొక్క కండె విప్పి, గుడ్డ మీద పెట్టి, కళ్ళు ఎత్తకుండా చూపిస్తోంది. "ఇది మేలిమి బంగారు రంగమ్మా, బాగా చూడండి. ఇది పాత బంగారం. దగ్గరికొచ్చి చూడండమ్మా, తేడా తెలుస్తాది." తొందరపడటం లేదు. చూసిందే మళ్ళీ చూపిస్తోంది. మేడమ్ కళ్ళు చికిలించింది. కణత నొక్కుకుంది. కాసేపు కళ్ళు మూసుకుని తెరిచింది. తల ఎత్తి బల్బును చూసింది. ఆ వణుకు ఆమెకు కొత్త కాదు, తన తోటలో చూసినదే.

"ఇక్కడ కూడా ఇలాగే ఉంటుందా?" అంది. "రోజూనా?"

"రోజూనే అమ్మా."

ఆమె సంచిలోంచి ఫోను తీసింది. "ఒక్క నిమిషం. మా వారికి చెప్తాను, కాసేపు ఆపమంటాను."

మా అక్క అప్పుడు తల ఎత్తింది. చేతిలోని కండె కింద పెట్టలేదు.

"వద్దమ్మా" అంది. "మీరు కారెక్కినాక మళ్ళీ మొదలవుతాది. అయినా లైన్లు వేరంట గదా, సారు చెప్పినారు. ఆయన ఆపితే మాదెట్టా ఆగుతాది? మా ఇంటి వైరింగ్ పాతది." తర్వాత, అతను ఆ రోజు అన్నంత మెత్తగా అంది. "మీరు ఒకసారి కళ్ళ డాక్టర్‌కు చూపించుకోండమ్మా."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థమైంది. నాకు కనపడింది. చేతిలో ఫోను అట్లాగే ఉండిపోయింది. మా అక్క తలకు బిగించి కట్టుకున్న గుడ్డ వైపు, మగ్గం మీద భగ్గుమంటున్న జరీ వైపు చూసింది. తర్వాత ఫోను సంచిలో పెట్టుకుని, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

"కూర్చోండమ్మా, రాగి రంగు ఇంకా చూడలేదు" అంటూ మా అక్క ఇంకో కండె విప్పింది. తుక్కు కరిగేదాకా ఆమెను లేవనివ్వలేదు.